బరంపురంలో ఉంటూ కచేరీలు వినడం: ఎప్పుడు, ఎక్కడ, ఏ వరసలో?

ప్రశ్న: గంజాం శ్రోత

అందరికీ నమస్కారం. ఒడిశాలో గంజాం జిల్లా బరంపురంలో ఉంటున్నాం. రికార్డింగులు బాగానే వింటాం గానీ, ఎదురుగా కూర్చుని కచేరీ వినే అలవాటు లేదు. మా పాపకి తొమ్మిదేళ్లు. గాత్రం నేర్చుకుంటోంది, అలంకారాలు అయిపోయి గీతాల్లోకి వచ్చింది.

ఊళ్లో ఏ రోజుల్లో ఏం దొరుకుతాయి, బయటికి వెళ్లాలంటే ఏ వైపు మేలు? హాల్లో ఎక్కడ కూర్చోవాలి? తాళం పట్టలేనివాళ్లు కచేరీ వెంట ఎలా నడవాలి? ఇంకొకటి. మైకుల హోరు పాపకి పడదు. ముప్పై నలభై మందిని పిలిచి ఇంట్లోనే మైకు లేకుండా చిన్న కచేరీ పెట్టుకోవాలంటే ఏమేం చూసుకోవాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

జవాబు: ఇచ్ఛాపురం మాస్టారు

మన వైపు కచేరీలకి తిథే ఆధారం, అందుకని పంచాంగం దగ్గర పెట్టుకోండి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. అది జనవరిలో గానీ ఫిబ్రవరిలో గానీ పడుతుంది. ఆ పక్ష చివర అమావాస్యకి పురందరదాసు ఆరాధన. తర్వాత చైత్రంలో శ్రీరామనవమి, ఆశ్వయుజంలో దసరా. గుళ్లలోనూ కల్యాణ మండపాల్లోనూ జరిగే వాటికి టికెట్టు ఉండదు, పేపర్లో ప్రకటనా రాదు. పాప గురువుగారినే అడగండి. ఈ కబుర్లు ముందు సంగీతం మేస్టార్లకే చేరతాయి. గుడి నోటీసు బోర్డు వారానికోసారి చూడండి.

పాపకి మొదటిది ఆరాధనే కావాలని నా గట్టి అభిప్రాయం. ఆ రోజు అందరూ కలిసి పాడే త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదూ ఆది తాళమే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఇదే వరస. అయిదూ కలిపి గంటకి అటూ ఇటూ. నాట రాగంలోది సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగే. స్వర సాహిత్యాలున్న పుస్తకం చేతికిచ్చి, పాడేవాళ్ల వెనకే కూర్చోబెట్టండి. ముందు స్వరం, వెంటనే అదే వరసకి సాహిత్యం, మళ్లీ పల్లవి. గీతాలు పాడే పిల్లకి ఈ కట్టుబాటు ఇట్టే దొరుకుతుంది. గోష్ఠిగానం గనక తనూ చిన్నగా గొంతు కలపొచ్చు. మామూలు కచేరీలో మాత్రం కలపకూడదు.

బరంపురంలో ఒక్క జాగ్రత్త ఉంది. రెండేళ్లకోసారి ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, వస్తుంది. ఆ రోజుల్లో పాత ఊరి వీధుల్లో రాత్రిళ్లు జనం, మైకులు, దారి మళ్లింపులు. అదే సమయంలో రామనవమి కచేరీ ఉంటే ఏ దారిన వెళ్లి ఏ దారిన రావాలో పగలే చూసుకోండి.

బయటికంటే దక్షిణంగా విజయనగరం, రైల్లో మూడు మూడున్నర గంటలు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల అక్కడే. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు. ఇంకో గంట దాటితే విశాఖపట్నం, అక్కడ కళాభారతి హాలు ఉంది. ఉత్తరంగా భువనేశ్వరం రెండున్నర, మూడు గంటలు. సాయంత్రం ఆరుకి మొదలైన కచేరీ తొమ్మిదికి గానీ అవదు. తిరుగు రైలు ముందు చూసుకుని, ఆ తర్వాతే వెళ్లే టికెట్టు తీసుకోండి. రైలు కోసం ప్రధాన కీర్తన మధ్యలో లేచిపోవడం కన్నా ఆ రాత్రికి అక్కడే గది తీసుకోవడం నయం.

జవాబు: మృదంగ శ్రుతి

కూర్చునే చోటు గురించి నేను చెబుతాను.

మన ఊళ్లలో కచేరీ చెడేది ఎక్కువగా స్పీకర్ల దగ్గరే. పెళ్లిళ్లకి వాడే పెద్ద డబ్బాలు స్టేజీకి అటూ ఇటూ నిలబెట్టి, మృదంగానికి రెండు వైపులా మైకులు పెట్టి, బాస్ పెంచేస్తారు. తొప్పి (మృదంగం ఎడమ మూత) మీద గుంకీ, అంటే చేత్తో నొక్కి తీసే మంద్ర నాదం, ఉబ్బిపోయి గాత్రాన్ని కప్పేస్తుంది. కాబట్టి స్పీకరు మోత కన్నా వేదిక మీది అసలు నాదం ముందు చెవిన పడే చోటు వెతుక్కోండి. చిన్న హాల్లో అది మూడో నాలుగో వరస, నడిమి భాగం. వేదికకి 12 నుంచి 15 అడుగులు. డబ్బాకి సూటిగా ఎదురుగా వద్దు, వెనక బాల్కనీ కింద అసలే వద్దు. అక్కడ ధ్వని గూడుకట్టి మాటలు తెలియవు.

వేదిక మీద గాయకుడు మధ్యలో ఉంటాడు. మన వైపు నుంచి చూస్తే మృదంగం ఎడమ పక్క, వయొలిన్ కుడి పక్క. మృదంగం కుడి మూత, అంటే వలంతల, శ్రోతల వైపు తిరిగి ఉండేందుకు ఈ ఏర్పాటు. ఎడమచేతి వాటం మార్దంగికుడైతే పక్కలు మారతాయి. పాప గాత్రం నేర్చుకుంటోంది కాబట్టి నడిమికి కాస్త కుడిగా కూర్చోండి. గాయకుడి సంగతిని (పంక్తిని మార్చి మార్చి పాడే తీరుని) వయొలిన్ ఎలా అందుకుంటోందో అక్కడ బాగా వినపడుతుంది. మృదంగం నేర్చుకునే పిల్లలైతే ఎడమ పక్క.

పాటకీ పాటకీ మధ్య మృదంగాన్ని రాయితో, కర్రముక్కతో తడుతూ ఉంటే ఆలస్యం చేస్తున్నారని విసుక్కోకండి. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తేమకి తోలు సడలి శ్రుతి దిగుతుంది, ఏసీ హాల్లో తోలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది. తొప్పికి అద్దిన రవ్వ ముద్ద ఆరిపోతే మంద్ర నాదం పోతుంది, అందుకే మధ్యలో నీళ్లతో తడుపుతారు. ఆయన అప్పుడు తంబురా వింటూ సరిచేసుకుంటాడు. ఆ అర నిమిషం హాల్లో కబుర్లు మొదలైతే తంబురా వినపడదు, మృదంగం శ్రుతి కలవదు, తర్వాతి పాట అంతా దాని ఫలితమే.

హోరు ఎక్కువైతే మీ చోటి నుంచి కేకలు వద్దు. పాట అయ్యాక నిర్వాహకుల్లో ఒకరి దగ్గరికి వెళ్లి "తొప్పి మైకు తగ్గించండి, స్టేజీ మీద గాయకుడి స్పీకర్లో తంబురా పెంచండి" అని విడివిడిగా చెప్పండి. "సౌండు సరిగ్గా లేదు" అంటే మైకు కుర్రాడు మొత్తం పెంచేస్తాడు, స్పీకర్లు ఈల వేయడం మొదలవుతుంది.

జవాబు: రాయగడ వీణ

తాళం సంగతి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. రూపకాన్ని కచేరీలో మూడు లెక్కల్లో వేస్తారు. మిశ్రచాపు ఏడు, 3 మీద 4. ఖండచాపు అయిదు, 2 మీద 3. ఈ నాలుగూ వస్తే కచేరీలో చాలా భాగం మీ చేతిలోకి వచ్చినట్టే.

కొత్తవాళ్లు రెండు చోట్ల తప్పిపోతారు. పల్లవి మొదటి మాట తాళం మొదటి దెబ్బ మీదే పడాలని లేదు. అర అక్షరం తర్వాతో, ఒకటిన్నర తర్వాతో ఎత్తుగడ ఉండొచ్చు. అందుకని మాటని బట్టి లెక్క మొదలెట్టకండి, గాయకుడి తొడ మీద పడే చేతిని చూసి కలపండి. రెండోది, విలంబంగా సాగే ప్రధాన కీర్తనల్లో రెండు కళలు వేస్తారు, ప్రతి క్రియా రెండేసి సార్లు. తెలియనివాళ్లు సగంలోనే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) అయిపోయిందనుకుంటారు. మీరు వేసే తాళం మీ ఒళ్లోనే ఉండాలి, పక్కవాళ్లకి చప్పుడు వినిపించకూడదు.

కచేరీ వరస ఇప్పటి రూపానికి రావడం చాలావరకు గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగారి (1890-1967) చలవ. ముందు వర్ణం, ఆ తర్వాత చిన్న కీర్తనలు, మధ్యలో ఒకటి రెండు చోట్ల ఆలాపన (తాళం లేకుండా రాగాన్ని విస్తరించడం). తర్వాత ప్రధాన కీర్తన: ఆలాపన, దాని మీద వయొలిన్ ఆలాపన, కీర్తన, నెరవు, కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లే స్వరాలు), తని ఆవర్తనం (పాట ఆపి మృదంగం వాయించే భాగం). చివర్లో పదాలు, జావళీలు, తిల్లానా, మంగళం. నెరవులో ఒకే పంక్తిని తిప్పితిప్పి పాడతారు, మాటలు మారవు. ఆ పంక్తిని కాగితం మీద రాసుకోండి. కల్పన స్వరాలు ఎంత దూరం వెళ్లినా ఆ మాట దగ్గరికే దిగాలి. దిగడం కోసం ఎదురుచూడటం వస్తే వినికిడి దానంతటదే పెరుగుతుంది.

చప్పట్లు ఆలాపన అయ్యాక, వయొలిన్ ముగించాక, తని అయ్యాక. ఒక పాట పాడమని అడగాలనుకుంటే పల్లవి మొదటి మాట, రాగం చీటీ మీద రాసి కచేరీ మొదలవక ముందే అందించండి. మంగళం ఎత్తుకున్నాక ఏమీ అడగకూడదు. ఫోనులో రికార్డు చేయాలంటే విద్వాంసుణ్ణి అడిగే చేయాలి.

పాప మొదటి గంటన్నర కూర్చుంటే చాలు. ప్రధాన రాగం ఆలాపన ఎత్తుకోక ముందే బయటికి తీసుకొచ్చేయండి.

జవాబు: మృదంగ శ్రుతి

వీణ గారూ, ఆ ఒక్క మాట ఒప్పుకోలేను. గాత్రం పిల్లలు తప్పకుండా వినాల్సింది తని ఆవర్తనమే. పది పదిహేను నిమిషాల పాటు పాట లేకుండా తాళం మాత్రమే ఉంటుంది. గాయకుడు చేత్తో తాళం చూపిస్తూ ఉంటాడు. పిల్ల ఆ చేతిని చూస్తూ వేసుకోవచ్చు. ఘటమో కంజిరో ఉంటే ఇద్దరూ వంతులవారీగా వాయిస్తారు, వంతు నిడివి తగ్గుతూ తగ్గుతూ వచ్చి కలిసిపోతారు. తర్వాత ముగింపు వరసలు: మోహరా, ఆపైన కోర్వ మూడుసార్లు, అది ముగిసే చోట గాయకుడు పంక్తి అందుకుంటాడు. సరిగ్గా అప్పుడే జనం టీకి లేచి కుర్చీలు జరపడం మన హాళ్లలో పెద్ద అపచారం. పాపకి ఓపిక తక్కువైతే మొదట్లో వర్ణం వదిలేసి ఆలస్యంగా తీసుకురండి, తని మాత్రం వదలొద్దు.

గంజాం శ్రోత

అందరికీ ధన్యవాదాలు. ఇంటి కచేరీ సంగతి కూడా ఎవరైనా చెబుతారా? గది 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. నేల గ్రానైటు.

జవాబు: రాయగడ వీణ

ఆ గదికి 30 మంది హాయిగా పడతారు. 40 అయితే గాలి ఆడదు. గ్రానైటు, నున్నటి గోడలు ఉంటే ధ్వని మార్మోగుతుంది. మృదంగం మీది చాపు దెబ్బ గోడ తగిలి తిరిగి వస్తుంది. నేలంతా జంపఖానాలు పరచండి, విద్వాంసులకి ఎదురుగా ఉన్న గోడకి మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. జనం నిండాక మోత ఇంకా తగ్గుతుంది, అందుకని ఖాళీ గదిలో విని భయపడకండి.

వేదికకని మంచాలు జతచేయొద్దు, కిర్రుమంటాయి. పొడవు గోడ మధ్యలో 8 అడుగులు, 6 అడుగుల మేర నేల మీదే రెండు పరుపులు, పైన తివాచీ. శ్రోతల్లో ముందు వరస నేల మీద, మోకాళ్ల నొప్పులవాళ్లకి వెనక కుర్చీలు.

ఫ్యాను ఆపాల్సిందే. తిరిగే ఫ్యాను కింద వయొలిన్ సన్నటి గమకాలు వినపడవు. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. ఫ్రిజ్, బోరు మోటారు ఆ రెండు గంటలు ఆపేయండి. పక్కింటివాళ్ల మోటారు సంగతి కూడా ముందే మాట్లాడండి. గురగురలాడే పాత ట్యూబులైటు తీసేయండి. తంబురాకి ఫోను యాప్ చాలు, కానీ ఫోను స్పీకరు సరిపోదు. చిన్న స్పీకరు గాయకుడి వెనక పెట్టి, మొదటి వరస దాకా మాత్రమే వినపడేలా ఉంచండి.

అన్నిటికన్నా ఎక్కువ చెడేది శ్రుతి దగ్గర. హార్మోనియం తెల్ల మెట్ల లెక్కన పురుష గాత్రం సుమారుగా 1 శ్రుతి, స్త్రీ గాత్రం 5 శ్రుతి దగ్గర. తగ్గు శ్రుతి మృదంగం వేరు, హెచ్చు శ్రుతి మృదంగం వేరు, ఒకదాన్ని బిగించి రెండోదానిగా మార్చలేరు. గాయకుడి శ్రుతి ఎంతో కనుక్కుని మార్దంగికుడికి వారం ముందే చెప్పండి.

వీణ పెట్టుకుంటే 25 మంది మించకూడదు, నాదం చిన్నది. మాకు రాయగడ నుంచి విజయనగరం దారిలోనే బొబ్బిలి తగులుతుంది. ఆ ఏకాండి (ఒకే దుంగలో తొలిచిన) పనస వీణ వాయించేవాళ్లు అటు దొరుకుతారు. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి, ఎండలో నిలిపిన కారులో వదిలితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. తీసుకొచ్చేవాళ్లకి చెప్పండి.

సంభావన ఎంతో ముందే మాట్లాడుకోండి. రానూపోనూ రైలు చార్జీ, బస దానికి వేరు. కచేరీకి ముందు తేలిక ఫలహారం, పాడేవారికి గోరువెచ్చని నీళ్లు, భోజనం మాత్రం కచేరీ అయ్యాకే. కవరు తాంబూలంలో పెట్టి, శ్రోతలు వెళ్లక ముందే ఇవ్వండి.

జవాబు: పర్లాకిమిడి రసికుడు

ఇంతమంది చెప్పాక నాది చిన్న చేర్పు. గంజాంలో ఉంటూ ఒడిస్సీ గాత్రం (ఒడిశా శాస్త్రీయ గానం) వినకుండా ఉండకండి. గోపాలకృష్ణ పట్నాయక్ మా పర్లాకిమిడి వాగ్గేయకారుడు. కవిసూర్య బలదేవ రథ్ మీ గంజాం వైపువారు. ఆయన చంపువు అనే కావ్యంలో 'క' నుంచి 'క్ష' దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో పాట, మొత్తం 34. రాధ, కృష్ణుడు, చెలికత్తె లలిత మాట్లాడుకుంటారు. ఆ వరుస తెలిసి వింటే ఒడియా కొద్దిగా వచ్చినా పాట ఎవరిదో పట్టుకోగలరు.

రాగాల దగ్గర జాగ్రత్త. ముఖారి, ఆనందభైరవి, శంకరాభరణం అని ప్రకటిస్తారు, పేరు విని మన ముఖారి కోసం చూస్తే దొరకదు. నడక వేరు. మన స్వరాలతో సరిపోల్చకుండా వాళ్ల రాగంగానే వినండి. పక్కన మర్దళ అనే మద్దెల, గిన్ని అనే చిన్న తాళాలు. మర్దళకీ మృదంగానికీ పనస కర్రే అయినా నాదం వేరు. ఏకతాళి నాలుగు మాత్రలు, పాప వెంటనే వేయగలదు.

భువనేశ్వరంలో రవీంద్ర మండపం కార్యక్రమాలు చూస్తూ ఉండండి. జనవరిలో రాజారాణి గుడి ముందు సంగీతోత్సవం జరుగుతుంది. ఆరుబయట గనక మంచు పడుతుంది, తంత్రులు మాటిమాటికీ శ్రుతి తప్పుతాయి, కాబట్టి సర్దుకోవడానికి పట్టే సమయాన్ని లెక్కలో వేసుకోండి. పాపకి శాలువా, చెవులకి మఫ్లరు తప్పనిసరి, కానీ కచేరీ మొదలయ్యాక చెవుల మీంచి జరపండి. గుడికి దగ్గర్లోనే గది దొరికితే రాత్రి బరంపురం రైలు కోసం పరుగు ఉండదు.