సంక్రాంతికి హైదరాబాద్–వైజాగ్ విమానం: నలుగురికీ తక్కువలో ఎలా?

నమస్కారం అండీ. మేమిద్దరం, ఏడేళ్ల పాప, మా అత్తగారు పండక్కి వైజాగ్ వెళ్లాలి. రైలు టికెట్లు వెయిటింగ్ లిస్టులోనే ఉన్నాయి. రాత్రంతా బస్సంటే అత్తగారి మోకాళ్లు ఒప్పుకోవు.

మొన్న వేసవిలో చవక టికెట్ అని మురిసిపోయి ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు హ్యాండ్ బ్యాగులో ఆవకాయ డబ్బా చూసి సెక్యూరిటీ వాళ్లు ఆపేశారు. వెనక్కెళ్లి పెద్ద బ్యాగులో సర్దితే 15 కిలోలకు బదులు 19 తూగింది. ఆ నాలుగు కిలోలకు కట్టిన డబ్బు తలుచుకుంటే ఆవకాయ ఇప్పటికీ గొంతు దిగదు! ఈసారి అరిసెలు, జంతికలు ఎలాగూ తప్పవు. అదనపు లగేజీ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే ఎంత కలిసొస్తుంది?

అసలు సందేహం ఇంకొకటి. నలుగురికీ కలిపి వెతికితే తలకు ఎక్కువ చూపిస్తోంది, ఒక్కరికే చూస్తే తక్కువ. ఇద్దరిద్దరుగా విడగొట్టి బుక్ చేయవచ్చా? పన్నెండేళ్లలోపు పిల్లల్ని అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న తల్లి లేదా తండ్రి పక్కన కూర్చోబెట్టాలని 2024లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది కదా, కాబట్టి పాపను నాతోనే ఉంచుతాను. మరి అత్తగారికి మా వారి పక్కన సీటు డబ్బు కట్టకుండా దొరుకుతుందా?

13న వెళ్లి 17న రావాలి. రాజమండ్రిలో దిగి రైలెక్కితే తగ్గుతుందా, లేక అలసటే మిగులుతుందా? అలా వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి.