గ్రంథాలయం దూరం, ఎండలు తీవ్రం: ఇంట్లో ఉన్న పెద్ద పిల్లలను చదువు వైపు ఎలా మళ్లించాలి?

ప్రశ్న: తిప్పర్తి దగ్గరి పల్లె నుండి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లాలో తిప్పర్తి దగ్గర ఒక పల్లె. మా పాప తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది, బాబు ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేశాడు. చిన్నప్పుడు ఇద్దరూ కథల పుస్తకం కనబడితే అన్నం సంగతి కూడా మరిచిపోయేవారు. ఇప్పుడు పుస్తకం చేతికిస్తే నాలుగు పుటలు తిప్పి మంచం మీద బోర్లించి పెడుతున్నారు. ఊరు దాటి గ్రంథాలయానికి తీసుకువెళదామంటే, ఈ ఎండల్లో పొద్దెక్కిన తరువాత పిల్లలను బస్సెక్కించడానికి మనసొప్పడం లేదు. ఒకసారి మేము వెళ్లిన చోట కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే వారితో నిండి ఉన్నాయి. వారి కష్టాన్ని నేను తప్పుపట్టను, కానీ మా పాప అరగంట గోడ పక్కన నిలబడి, అక్కడ తనకు చోటు లేదని అనుకుని తిరిగి వచ్చింది. ఆనాటి నుండి గ్రంథాలయం మాటెత్తితే రానంటున్నది.

ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోను. మా ఆయన సాయంత్రం పొలం నుండి వచ్చాకే అది పిల్లల చేతికి అందుతుంది. చదవవలసిన పుస్తకాల పట్టికలు నాకు చాలామంది ఇచ్చారు. ఈ వయసు పిల్లలు తమంతట తాము కూర్చునేటట్టు చేసిన పని ఏదైనా మీ అనుభవంలో ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఒక తెలుగు ఉపాధ్యాయుడు

అక్కా, ఈ వయసు పిల్లలు చదవడానికి బద్ధకించరు గానీ, తాము చదివిన దానితో ఎవరికీ పని లేదని తోచిన రోజున పుస్తకం మూసేస్తారని నేను బడిలో ఏటా గమనిస్తున్నాను. అందుకే రెండు వేసవులుగా మా విద్యార్థులకు చదవమని చెప్పడం మానేసి, చదవకుండా పూర్తికాని పని ఒకటి అప్పగిస్తున్నాను.

తెలుగు వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయం అంతర్జాలంలో ఉంది. కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలను అక్కడ పుట పుటగా చేరుస్తారు. మన దేశంలో రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు గడిస్తే ఆ రచనలు అందరి సొత్తు అవుతాయి. మన ఉమ్మడి పాలమూరుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో కన్నుమూశారు కనుక, 2014 నుండి ఆయన రచనలను ఎవరైనా స్వేచ్ఛగా ప్రచురించుకోవచ్చు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారాన్ని 1955లో అందుకున్న ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఆయనదే. పూర్వం మనవాళ్లు ఏమి తిన్నారు, ఏ ఆటలు ఆడారు, ఎటువంటి బట్టలు కట్టారు అన్న విషయాలు అందులో ఉన్నాయి కాబట్టి మొదటి నుండి చివరి వరకు చదివించనక్కరలేదు, పిల్లలకు నచ్చిన చోట తెరిచినా సరిపోతుంది.

ఇక పని ఏమిటంటే, పాత పుస్తకం పుట ఫోటో ఒక పక్కన, యంత్రం ఆ ఫోటోను చూసి గుర్తించిన అక్షరాలు మరొక పక్కన ఉంటాయి. యంత్రం తప్పులు చేస్తుంది, ఫోటోతో పోల్చి వాటిని దిద్దడమే పిల్లల పని. ఎవరూ దిద్దని పుట ఎరుపు రంగులో, ఒకరు దిద్దినది పసుపులో, మరొకరు సరిచూసి ఆమోదించినది ఆకుపచ్చలో కనిపిస్తుంది. దిద్దిన వారే తమ పుటను ఆకుపచ్చ చేయలేరు, రెండో మనిషి కావాలి. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కనుక పాప దిద్దితే బాబు సరిచూడవచ్చు. పుట రంగు మార్చడానికి ఖాతా తెరవాలి. అసలు పేరు, ఊరు పెట్టకుండా ఏదైనా కలం పేరు పెట్టించండి.

మా పదో తరగతి అమ్మాయి ఒకతె మొదటి పుటకు అరగంటకు పైగా తీసుకున్నది. ‘వాఁడు’ అన్న మాటలోని అరసున్నను యంత్రం ఎగరగొట్టింది. ఫోటోలో కనిపిస్తున్న ఆ చిన్న గీత ఏమిటో తెలియక ఆ అమ్మాయి మొదట మరక అనుకున్నదట. తరువాత ‘గుఱ్ఱము’ దగ్గర ఆగి, ఈ అక్షరాన్ని ఏమంటారని తాతను అడిగింది. బండి-ర అని ఆయన నేల మీద వేలితో రాసి చూపించాడట. ఆ వాక్యం అర్థం కాకపోతే తప్పు దొరకదు కాబట్టి, ఒక్కొక్క వాక్యాన్ని ఆ అమ్మాయి మూడు నాలుగు సార్లు చదివింది. పాఠ్యపుస్తకాన్ని అంత శ్రద్ధగా చదవడం నేను చూడలేదు.

జవాబు: పదవీ విరమణ చేసిన గ్రంథాలయ ఉద్యోగి

అమ్మా, సార్ చెప్పింది మంచి మార్గమే, అయితే ఫోను సాయంత్రం మాత్రమే దొరికే ఇంట్లో పగలంతా ఖాళీగా ఉంటుంది. గ్రంథాలయంలో కూర్చుని చదివే గది వేరు, పుస్తకాలు ఇంటికి ఇచ్చే విభాగం వేరు. డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికి తెచ్చుకోవచ్చు. మీరో మీవారో ఎరువుల కోసమో సరుకుల కోసమో పట్నం వెళ్లిన రోజున తెచ్చి మార్చుతుండండి. పుస్తకం పేరు మాత్రం పాప చేతనే చీటీ మీద రాయించండి, ఎందుకంటే తాను కోరి తెప్పించుకున్న పుస్తకాన్ని పిల్లలు అంత తేలికగా పక్కన పడేయరు.

మరొక పని కూడా ఉంది. దూప (దాహం), అర్ర (గది), ఆనిగెపుకాయ (సొరకాయ) వంటి మన మాటలను ఇంటి పెద్దవారిని అడిగి చీటీల మీద రాయించండి. సాయంత్రం ఆంధ్రభారతి జాలస్థలంలో అనేక నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు కనుక, ఆ మాట ఉన్నదో లేదో పిల్లలే చూసుకుంటారు. లేని మాట దొరికితే వారి సంతోషం చూడాలి. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువడింది; అందులో 354 మంది కవులున్నారు. ఇలా ఊరూరా వెతికి కూర్చడం మన ప్రాంతంలో కొత్త సంగతి కాదని పిల్లలకు తప్పక చెప్పండి.

చిన్నపిల్లల కథలుండే స్టోరీవీవర్ అనే జాలస్థలాన్ని కొందరు సూచిస్తారు. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ కథలిచ్చి చదవమంటే చిన్నబుచ్చుకుంటుంది. వాడలోని చిన్నవారికి చదివి వినిపించమంటే మాత్రం ఒప్పుకుంటుంది.

జవాబు: నారాయణపేట వైపు నుండి ఒక డిగ్రీ విద్యార్థిని

అక్కా, నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు మా అమ్మానాన్నలు పనికోసం పుణె వెళ్లారు, నేను అవ్వ దగ్గర ఉండేదాన్ని. మా అమ్మకు చదువు రాదు. ఒకరోజు ఫోనులో ఏం మాట్లాడాలో తోచక, బడి నుండి తెచ్చుకున్న నవలలో ఒక భాగం చదివి వినిపించాను. మరునాడు అమ్మ నా బాగోగులు అడగకముందే ‘ఆ పిల్ల ఏమైంది?’ అని అడిగింది. ఇక ఆపలేకపోయాను. సాయంత్రం తడబడకూడదని పగలే ఒకసారి చదువుకుని ఉంచేదాన్ని. దీనికి మామూలు ఫోను చాలు. మీ ఇంట్లో చదువు రాని పెద్దవారు, చూపు తగ్గినవారు ఉంటే వారికి వినిపించే బాధ్యత మీ బాబుకు అప్పగించి చూడండి.

ప్రశ్న అడిగిన తల్లి, మూడు వారాల తరువాత

సార్‌కు, పెద్దలకు, చెల్లెకు నా కృతజ్ఞతలు. బాబుకు మా మామయ్య గారికి చదివి వినిపించడం నచ్చలేదు, రెండు రోజులకే మానేశాడు. పాప మాత్రం ఇప్పటికి పదకొండు పుటలు దిద్దింది. ఒక పుటలో అక్షరం ‘ప’ అవునా ‘వ’ అవునా అని ఇద్దరూ ఫోటోను పెద్దది చేసి చూస్తూ అన్నం చల్లారేదాకా వాదించుకున్నారు. చివరకు పై వాక్యం నుండి చదివి ‘వ’ అని తేల్చుకున్నారు. చీటీల పని మా అత్తమ్మకు మరీ నచ్చింది, పిల్లలు అడగకపోయినా పిలిచి మాటలు చెబుతున్నది. సభ్యత్వం వచ్చే సోమవారం తీసుకుంటాను. పుస్తకం పేరు రాసిన చీటీని పాప నిన్ననే నా సంచిలో పెట్టింది.