వానాకాలం తరువాత మా ఎఫ్‌ఎం నాలుగు కిలోమీటర్లు దాటడం లేదు: యాంటెన్నా అనుభవాలు చెప్పగలరు

చెరువుగట్టు: మా సామాజిక రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై నడుస్తోంది. ట్రాన్స్‌మిటర్ 50 వాట్లు, టవర్ 30 మీటర్లు. నిరుడు ఎనిమిది కిలోమీటర్ల అవతల బీడీలు చుట్టే అక్కలు మా కార్యక్రమాలు విని ఫోను చేసేవారు. ఇప్పుడు సగం దూరానికే గరగర మొదలవుతోంది. మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా వైపు నుంచి శక్తి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది) 1.3 చూపుతోంది కాబట్టి యాంటెన్నా బాగానే ఉందనుకుంటున్నాను. కేబుల్ మార్చాలా, యాంటెన్నాను అడ్డంగా తిప్పాలా, లేక దుకాణదారుడు చూపిస్తున్న 300 వాట్ల బూస్టర్ (ప్రసార శక్తిని పెంచే పరికరం) కొనాలా?

సర్క్యూట్‌మిత్ర: ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని నేను చేసిన చిన్న ట్రాన్స్‌మిటర్ పక్క గది దాటేది కాదు. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో తరంగ పొడవు వస్తుంది, అందులో నాలుగో వంతుకు తీగను కత్తిరించిన రోజున హాస్టల్ చివరి గదిలోనూ వినిపించింది. మీ పౌనఃపున్యానికి అది 83 సెంటీమీటర్లు. కేబుల్‌కు టీవీ కేబులే వాడండి, చౌకగా వస్తుంది.

టవర్‌పని: ఇరవై రెండేళ్లు ప్రసార టవర్లు ఎక్కినవాడిగా చెబుతున్నాను, దయచేసి ఆ సలహా పాటించకండి. టీవీ కేబుల్ ఇంపిడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే అవరోధం) 75 ఓములు, మీ ట్రాన్స్‌మిటర్‌ది 50 ఓములు. రెండూ కలవకపోతే కొంత శక్తి వెనక్కి వస్తుంది.

సర్క్యూట్‌మిత్ర: ఆ తేడా వల్ల వెనక్కి వచ్చే శక్తి నాలుగు శాతమే. మీరు వాడే సన్నని ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లలోనే సగానికి మించి శక్తిని వేడి చేసి పారేస్తుంది. అనుభవం ఉన్నంత మాత్రాన లెక్క మారదు.

టవర్‌పని: లెక్కే చేద్దాం. టీవీ కేబుల్ పొడవు తరంగ పొడవులో పావు వంతుకు బేసి రెట్లుగా పడితే, పైనున్న యాంటెన్నా 50 ఓములు కింద 112 ఓములుగా కనిపిస్తాయి. అప్పుడు సుమారు 15 శాతం వెనక్కి వస్తుంది, రక్షణ సర్క్యూట్ ట్రాన్స్‌మిటర్ శక్తిని తగ్గించేస్తుంది. నేను సన్న కేబుల్ వాడమని ఎక్కడ అన్నాను? లావుపాటి ఆర్‌జీ-213 వేయండి. విద్యార్థి ప్రాజెక్టుకు పనికొచ్చినది ప్రజల స్టేషన్‌కు పనికిరాదు.

సర్క్యూట్‌మిత్ర: విద్యార్థులను తక్కువ చేయకండి. పొడవు కొలిచి కత్తిరిస్తే ఆ చిక్కే ఉండదు.

ఆటోరేడియో: నాకు ఓముల సంగతి తెలియదు. కారు మీద తీగ నిలువుగా ఉంటుంది కనుక ప్రసార యాంటెన్నా కూడా నిలువుగా ఉన్నప్పుడే రోడ్డు మీద బాగా అందుతుంది.

పల్లెగొంతు: బూస్టర్ సంగతి ఎవరూ ఎత్తడం లేదు, నాకు కోపం వస్తోంది. సామాజిక రేడియోకు వికిరణ శక్తి (యాంటెన్నా నుంచి వెలువడే శక్తి) పరిమితి సాధారణంగా 100 వాట్లే. నాణ్యత లేని బూస్టర్ వేరే పౌనఃపున్యాల్లో వెలువరించే దొంగ తరంగాలు 108 మెగాహెర్ట్జ్ పైన ఉన్న విమానాల బ్యాండ్‌లో పడవచ్చు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పాక కూడా, జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు సంఘం రేడియోను మొదలుపెట్టింది 2008లో. ఇంత కాలానికి దక్కిన హక్కును బూస్టర్ కోసం పణంగా పెట్టవద్దు.

టవర్‌పని: ఒప్పుకుంటాను. పైగా మధ్యలో అడ్డేమీ లేని చోటనే దూరం రెట్టింపు కావడానికి శక్తి నాలుగింతలు కావాలి. చెరువుగట్టు గారూ, మీ 1.3ను నమ్మకండి. కేబుల్‌లోకి నీరు చేరితే తిరిగి వచ్చే శక్తిని కూడా అదే మింగుతుంది, అందుకే కింద మీటరు అంతా బాగున్నట్టు చూపుతుంది. ట్రాన్స్‌మిటర్ ఆపి, పైన యాంటెన్నా విప్పి, అక్కడ డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు శక్తిని పీల్చుకునే పరికరం) తగిలించి శక్తిని కొలవండి.

చెరువుగట్టు: నిన్న పనివారితో కొలిపించాను. 50 వాట్లలో పైకి చేరుతున్నది 11 మాత్రమే. పై కనెక్టర్ విప్పితే నీటిచుక్కలు రాలాయి, రాగి అల్లిక పచ్చబడిపోయింది. ఆర్‌జీ-213 వేసి, కనెక్టర్‌పై రబ్బరు టేపు బిగువుగా చుట్టాము. ఇప్పుడు 30 వాట్లు చేరుతున్నాయి, అక్కలు మళ్ళీ ఫోను చేశారు. గుట్ట వెనుక తండాకు మాత్రం ఇంకా అందడం లేదు.

సర్క్యూట్‌మిత్ర: టీవీ కేబుల్ వేసినా దాదాపు అంతే వచ్చేది.

టవర్‌పని: గుట్ట అడ్డుగా ఉంటే కేబుల్ ఏదైనా ఒకటే. తండాలో రేడియోకు పైకప్పు మీద నిలువు డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) కట్టి చూడండి. ఒక్కొక్క చేయి 79 సెంటీమీటర్లు.