పాత బుల్లెట్‌కి మెయిన్ జెట్ ఏ నంబర్ ఎయ్యాల? హైవే ఎక్కితే ముక్కతా ఉండాది

కోవూరు_బుల్లెట్:
అన్నలూ ఒక డౌటు. మా నాయన 1984లో కొన్న 350 బుల్లెట్, క్యాస్ట్ ఐరన్ ఇంజను, ప్లగ్‌కి నిప్పు పుట్టించే పాయింట్ల బండి. పదేళ్ళు వసారాలో వడ్ల బస్తాల పక్కన పడుండింది, పోయిన సంక్రాంతికి లేపినా. కార్బొరేటర్ మిక్‌కార్బ్ వీఎం24. ఊర్లో తిరిగినంతసేపు బంగారం, ఐడ్లింగు డుబుక్ డుబుక్ అని లెక్కపెట్టుకునేట్టు కొడతాది, కానీ హైవే ఎక్కి కావలి రోడ్డులో 65 దాటించి గుంజితే కాసేపటికి ఎవురో వెనక కారియర్ పట్టుకోని లాగినట్టు అయిపోతాది, యాక్సిలేటర్ వదిల్తే సైలెన్సర్లో టపటపా టపాకాయలు. ప్లగ్ తీస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండాది. సైలెన్సర్ షార్ట్ బాటిల్ మార్చినా (మా నాయనకి ఇంకా చెప్పలా). ఒక మెకానిక్ కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే మెయిన్ జెట్ పెద్దది ఎయ్యాల అంటాడు, ఇంకొకాయన కార్బొరేటరే పీకి పారెయ్ అంటాడు. జెట్ మీద నంబర్ చూద్దామంటే అరిగిపోయి 9 ఒక్కటే కనపడతా ఉండాది. 90 నించి 110 దాకా దొరకతా ఉండాయి, ఏది తెప్పించుకోవాల? నంబర్ చెప్తే చాలు.

ఒంగోలు_పాతబండి:
నంబర్ చెప్పడానికేముంది తమ్ముడూ, నోటికొచ్చింది చెప్పొచ్చు, అది నీ బండికి సరిపోద్దని ఎవుడన్నా అంటే మాత్రం నమ్మబాక. నలభై ఏళ్ళ కార్బొరేటర్లో జెట్ మీద నంబర్‌కీ లోపల బెజ్జానికీ పొంతన ఉండదు. పూడుకున్నప్పుడల్లా మనోళ్ళు క్లచ్ కేబుల్లోంచి ఒక పోగు పీకి పొడుస్తారు, ఇత్తడి మెత్తన, బెజ్జం సాగుద్ది. అట్టా సాగితే పెట్రోలు ఎక్కువై ప్లగ్ నల్లగా మసి పట్టాలి, నీది తెల్లగా ఉందంటే పెట్రోలు చాలట్లేదు, లేకపోతే గాలి ఎక్కడో దొంగతనంగా లోపలికి పోతంది. పదేళ్ళు నిలవున్న బండి కాబట్టి జెట్లో ఎండిపోయిన పెట్రోలు బంక కూడా ఉండొచ్చు, తీసి ఎండకేసి చూడు, గుండ్రంగా వెలుతురు రావాలి. శుభ్రం చెయ్యాలంటే గాలం వేసే నైలాన్ దారం వాడు, ఇనప తీగ పెట్టబాక.

ముందు తేల్చుకోవాల్సింది అసలు తప్పు మెయిన్ జెట్‌దేనా అని. యాక్సిలేటర్ గ్రిప్ మీద తెల్ల టేపు ఒక ముక్క, పక్కన స్విచ్ మీద ఒకటి అంటించి పెన్నుతో పావు, సగం, ముప్పావు గీతలు గియ్యి. మూసినప్పటి నుంచి పావులో సగం దాకా ఐడ్లింగుకి పెట్రోలిచ్చే పైలట్ జెట్, అక్కడ్నుంచి పావు దాకా గాలి దారి తెరిచే స్లయిడు కింద కోత, పావు నుంచి ముప్పావు దాకా ఆ స్లయిడుకి వేలాడే సూదీ సూది జెట్టూ, ముప్పావు దాటాకే మెయిన్ జెట్ రాజ్యం. ఏ గీత దగ్గర ముక్కతందో చూస్తే సగం పనైపోయినట్టే. స్పీడోమీటర్ చూసి చెప్తే కుదరదు, 65 అనేది సగం యాక్సిలేటర్ మీద కూడా వచ్చుద్ది.

ఇంకోటి, ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, 1984 నాటి లెక్కకి అదే జెట్‌తో గాలీ పెట్రోలూ కలిసిన మిక్చరు పల్చనవుద్ది. దానికితోడు నువ్వు సైలెన్సర్ మార్చావ్. కాబట్టి ఒకటి రెండు మెట్లు పెద్ద జెట్ పడొచ్చు, 95, 100, 105 మూడూ తెప్పించి పెట్టుకో. పెద్దదాన్నుంచి మొదలెట్టి కిందకి రా, పల్చన మిక్చరు మీద బండి గుంజితే పిస్టన్ పట్టేస్తది.

మూలాపేట_కుర్రోడు:
పాయింట్లు చూసినావా బ్రో? గ్యాపు 0.35 నించి 0.40 ఎం.ఎం. మధ్య ఉండాల, వాల్వుల్ని తోసే పుష్‌రాడ్లు చల్లటి ఇంజన్లో ఏళ్ళతో తిప్పితే తిరగాల. అయి చూడకుండా జెట్లు మారిస్తే నా మాదిరి నెలరోజులు పోతాది. కార్బొరేటర్ రెండు నట్లూ మరీ బిగించినా ఇంజనుకి అతుక్కునే అంచు, అదే ఫ్లేంజి, వంగిపోయి గాలి లాగతాది, బండి ఐడ్లింగులో పెట్టి ఆడ సబ్బునీళ్ళు చల్లు, సౌండు మారితే లీకు ఉన్నట్టే.

కందుకూరు_350:
అందరూ జెట్ అంటున్నారు గానీ ఆయన 'కాసేపటికి' అన్న మాట ఎవరూ పట్టించుకోలా. మెయిన్ జెట్ చిన్నదైతే గుంజిన వెంటనే తెలుస్తది. కిలోమీటరో రెండు కిలోమీటర్లో బాగా పోయి తర్వాత ముక్కితే కార్బొరేటర్ కింద గిన్నె, అదే బౌల్లో పెట్రోలు అడుగంటినట్టు, అంటే పైనుంచి దిగట్లా. ట్యాంకు మూతలో గాలి పోయే సన్న బెజ్జం ఉంటది, వడ్ల దుమ్ముతో పూడిపోయుంటది. ముక్కినప్పుడు పక్కన ఆపి మూత తియ్యి, సుయ్‌మని గాలి లాక్కుంటే అదే దొంగ. తర్వాత పెట్రోలు ట్యాపు గొట్టం ఊడదీసి సీసాలోకి వదిలి చూడు, ధార తెగకుండా రావాల.

కోవూరు_బుల్లెట్:
కందుకూరు అన్నా దండం. నిన్న పొద్దున అయిదింటికి పోయి ముక్కినప్పుడు ఆపి మూత తీస్తే సుయ్ కాదు, ఈల వేసింది! బెజ్జంలో వడ్ల పొట్టు. అది తీసినాక ముక్కడం పోయింది. ప్లగ్ ఇంకా తెలుపే, టేపు గీతలు పెట్టి చూస్తే ముప్పావు దాటినాక తేడా తెలస్తా ఉండాది. ఒంగోలు అన్న చెప్పినట్టు 105తో మొదలుపెట్టినా, పొగ, గొగ్గిరి శబ్దం. 100 ఎయ్యగానే బాగుంది, మూడో గేర్లో ఫుల్లుగా గుంజి ఒకేసారి క్లచ్ పట్టి కీ ఆపి, ప్లగ్ తీస్తే బిస్కెట్ రంగు. పావు గీత దగ్గర చిన్న కుదుపు ఉంటే సూది క్లిప్పు ఒక గాడి కిందకి దించినా, అదీ పోయింది.

ఒకే ఒక సమస్య, సౌండు విని మా నాయనకి సైలెన్సర్ సంగతి తెలిసిపోయింది, పాతది బిగించేదాకా బండి బయటికి తియ్యబాక అంటా ఉండాడు. ఇప్పుడు మళ్ళీ 95 ఎయ్యాల్నా?

ఒంగోలు_పాతబండి:
95 పక్కన పెట్టుకో, 100తోనే ఒకసారి తిప్పి ప్లగ్ చూడు. టేపు మాత్రం అప్పుడే పీకబాక.