"శోధన వచ్చింది" అంటే ఏది వచ్చినట్టు?

ప్రశ్న, నకిరేకల్ నుంచి:

గ్రూపులో పెద్దలందరికీ నమస్తే. మా చర్చి సంఘం యూత్ కూడికలో బైబిల్లోని యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, మొదటి అధ్యాయం నేను చెప్పాలి. చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. 2వ వచనంలో "మీరు నానా విధములైన శోధనలలో పడునప్పుడు" దాన్ని మహానందమని ఎంచుకోమన్నాడు. 13వ వచనానికి వచ్చేసరికి "నేను దేవునిచేత శోధింపబడుచున్నానని అనకూడదు" అంటున్నాడు. సంతోషించమన్నదీ శోధనే, దేవుడి మీదికి నెట్టొద్దన్నదీ శోధనే. మా ఊళ్లో వాడుక ఇంకా వెడల్పు. బోరు ఎండితే శోధన. పిల్లకు జ్వరం తగ్గకపోతే శోధన. తాగుడు మానేసి మళ్లీ మందు మొదలుపెట్టినవాణ్ణి కూడా "పాపం, అన్న శోధనలో పడ్డడు" అంటారు. ఇది మనం చేసిన కలగాపులగమా, మాటలోనే ఉందా?

దేవరకొండ నుంచి:

తమ్ముడూ, "మమ్మును శోధనలోకి తేక" అని రోజూ ప్రార్థన చేస్తాం కదా. అక్కడ బోరా, మందా అని ఎప్పుడైనా అడిగామా? నేనైతే రెండూ కలిపే అడుగుతున్నా.

మిర్యాలగూడ నుంచి, రిటైరైన తెలుగు పండితుడు:

మాటలోనే ఉంది బాబూ. మన సంఘాల తప్పేం లేదు.

సంస్కృతంలో శుధ్ అనే ధాతువు ఉంది. శుద్ధి, శుద్ధం, సంశోధన అన్నీ అక్కడివే. శోధన అంటే మొదట మలినం తీసెయ్యడం. ఆయుర్వేదంలో పాదరసాన్నీ గంధకాన్నీ శోధన చేశాకే మందులో వాడతారు. మలినం తీయాలంటే ముందు అది ఎక్కడుందో వెతకాలి, అందుకని వెతకడం అనే అర్థం కూడా వచ్చింది. పోలీసుల సోదా ఈ ఇంటిదే, యూనివర్సిటీలో పరిశోధన ఈ ఇంటిదే.

ఇప్పుడు బైబిలు పాత అనువాదం తీసి చూడండి. ఆదికాండము 22లో, కొడుకును బలివ్వమని అడిగేచోట, "దేవుడు అబ్రాహామును పరిశోధించెను". ఈ రోజు కొత్తగా చదివే పిల్లాడికి దేవుడు అబ్రాహాము మీద పీహెచ్‌డీ చేసినట్టు వినిపిస్తుంది. నవ్వొచ్చినా ఆ మాట అక్కడ సరిగ్గా కూర్చుంది. యోబు 23:10 చూడండి: "ఆయన నన్ను శోధించిన తరువాత నేను సువర్ణమువలె కనబడుదును". ఇక్కడ కంసాలి పని, మలినం తీసే శోధన, ధాతువులోని అర్థం చెక్కుచెదరకుండా ఉంది. అదే మత్తయి 4:3లో అరణ్యంలో యేసు దగ్గరికి వచ్చిన సాతానును "ఆ శోధకుడు" అన్నారు. బంగారం తేల్చడానికి శోధించేవాడికీ, పడగొట్టడానికి శోధించేవాడికీ ఒకే క్రియ. గ్రీకు మూలంలోనూ ఇంతే. అక్కడ పైరాస్మోస్ అనే ఒక్క మాటే పరీక్షకూ ప్రలోభానికీ నడుస్తుంది. యాకోబు ఆ రెండర్థాల మీదుగానే 2వ వచనం నుంచి 13కు నడిచాడు. తెలుగు అనువాదకులు రెండు మాటలు పెట్టి ఉంటే మనకు సులువయ్యేది, ఆ నడక మాత్రం తెగిపోయేది.

మక్తల్ నుంచి:

మాకు రాయచూరు పక్కనే. అక్కడి కన్నడ సంఘాల్లో కూడా ప్రభువు నేర్పిన ప్రార్థనలో "శోధనె" అనే అంటారు. తమిళంలో "సోదనై". ఉర్దూ బైబిల్లో మాత్రం "ఆజ్‌మాయిష్", అంటే పరీక్ష వైపే మొగ్గు.

జడ్చర్ల నుంచి:

పండితులవారు చెప్పింది బాగుంది సార్. కానీ వాడుకలో ఒక తిరకాసు ఉంది, అది ధాతువు చూస్తే దొరకదు.

మా పాలమూరు నుంచి బొంబాయి, పుణె వలసపోయినవాళ్ల ఇళ్లు తెలుసు కదా. ఆయన అక్కడ కూలి డబ్బులు తాగేస్తే, తిరిగొచ్చాక సంఘంలో "శోధన వచ్చింది, ప్రార్థన చేయండి" అంటాడు. అందరూ చేస్తాం. ఇక్కడ మిత్తి కట్టలేక, పిల్లల ఫీజు కట్టలేక ఉన్న భార్యకు ఏమొచ్చింది? ఆమె లేచి అడిగినా అదే మాట: "నీకు శోధన కాలమమ్మా, ఓర్చుకో." చేసినవాడిదీ శోధనే, పడినామెదీ శోధనే. ఇద్దరి మీదా ఒకే చెయ్యి పెట్టి ప్రార్థన అయిపోతుంది. ఆయన లేచి ఆమెను క్షమించమని అడగాల్సిన అవసరం ఆ ఒక్క మాటతో మాయమవుతుంది. రెండర్థాలు యాకోబు చేతిలో ఉంటే బోధ, మన చేతిలో ఉంటే దాగడానికి చోటు.

మిర్యాలగూడ:

అమ్మా, ఇది ధాతువులో లేదు నిజమే, వ్యాకరణంలో ఉంది. తెలుగులో మనసుకు సంబంధించినవి చాలావరకు బయటినుంచి నడిచొస్తాయి. నాకు కోపం వచ్చింది, ఆశ పుట్టింది, నిద్ర పట్టింది. "నేను" కర్తగా ఉండం, "నాకు" అయి పక్కన నిలబడతాం. "శోధన వచ్చింది" ఆ వరసలోనిదే, చుట్టం వచ్చినట్టు వస్తుంది. యాకోబు 14వ వచనంలో ఈ వాక్యాన్నే తిరగేశాడు. "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును." స్వకీయమైన అన్న మాట మీద వేలు పెట్టండి. మూలంలో మరులు కొల్పడానికి బదులు చేపకు ఎర వేసే మాట ఉంది. మనవాళ్లు ఎర వదిలి కావ్యాల్లోని మరులు, అంటే మోహం, తెచ్చారు. నాకైతే తెలుగు మాటే ఇష్టం. గాలానికి చిక్కిన చేపకు ఇష్టంతో పనిలేదు, మరులుగొన్న మనిషికి ఇష్టం ఉంటుంది.

దేవరకొండ:

అయితే పౌలు సంగతేంటి సార్? రోమా 7:17లో ఆయనే "దానిచేయునది నాయందు నివసించు పాపమే గాని నేను కాదు" అన్నాడు. ఇది మా తాగుబోతు అన్న మాటకంటే పెద్ద సాకు కాదా?

మిర్యాలగూడ:

మంచి దెబ్బ. కానీ ఆ అధ్యాయంలో "నేను" ఎన్నిసార్లు వస్తుందో చూడండి. "నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను." 15లోనూ 19లోనూ "చేయుచున్నాను" అన్నాకే "నాయందు నివసించు పాపమే" అంటాడు. 24కు వచ్చి "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను?" అంటాడు. సాకు చెప్పేవాడు ఆ వాక్యం పలకడు. ఇది రక్షణకు, అంటే క్రీస్తును నమ్మడానికి, ముందటి పౌలా, తర్వాతి పౌలా అని పాతకాలం నుంచి వాదం ఉంది. తొలికాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను మొదట ముందటివాడే అనుకొని, తర్వాత విశ్వాసి మాటే అని మనసు మార్చుకున్నాడు. మన సంఘాల్లో సోమవారం పొద్దున ఆ అధ్యాయం చదివేవాళ్లకు ఈ వాదం అక్కర్లేదు. అది తమ గురించే అని వాళ్లకు తెలుసు.

జడ్చర్ల:

సోమవారం అన్నారు కాబట్టి చెబుతున్నా, ఆదివారం సంగతి కూడా ఉంది. తప్పు చేసిన వారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన, ఉంటే చాలామంది వెనక బెంచీలోనే కూర్చుంటారు, లేదా ఆ రోజు రారు. "అయోగ్యంగా తింటే శిక్ష" అని భయం. 1 కొరింథీ 11:28 పూర్తిగా చదివితే "తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంటుంది. పరీక్షించుకొని ఇంటికి పొమ్మని లేదు. ఒకవైపు తప్పును శోధన అనేసి తేలిక చేసుకుంటాం, ఇంకోవైపు అదే తప్పుకు నెలల తరబడి బల్ల మానేస్తాం. రెండింట్లోనూ నోరు తెరిచి "నేను చేశాను" అనడం ఉండదు.

మక్తల్:

నిజం. మా దగ్గర "చల్లారిపోయిండు" అంటారు అలాంటివాళ్లను. చాలామంది చల్లారినవాళ్లు కాదు, సిగ్గుపడ్డవాళ్లు.

నకిరేకల్:

అందరికీ వందనాలు. 2వ వచనానికి "కష్టం" అని, 14కు "ఆశ" అని విడగొట్టి చెబుదామనుకున్నా. ఇప్పుడు విడగొట్టను, శోధన అనే చెబుతాను. చివర్లో పిల్లలకు తలా ఒక కాగితం ఇస్తాను. "నాకు శోధన వచ్చింది" అన్న వాక్యాన్ని "నేను"తో మొదలుపెట్టి, ఏం చేశారో క్రియతో సహా రాయమంటాను. ఎవరికీ చూపనక్కర్లేదు.

జడ్చర్ల:

ఎవరి పట్ల చేశారో కూడా రాయమను తమ్ముడూ. ఆ మనిషి పేరు ఉంటేనే తర్వాత పోయి మాట్లాడతారు.

దేవరకొండ:

కాగితం వెనకవైపు, పాపం ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 నువ్వే ముందుగా రాసి ఇవ్వు. "ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక" అన్న దగ్గర గీత గియ్యి. లేకుంటే సగం మంది ఆ కాగితం జేబులో పెట్టుకొని వచ్చే ఆదివారం నుంచి రావడం మానేస్తారు.