అప్‌డేట్: చెరువు పక్కన వెంచర్ విషయంలో ఇప్పటి పరిస్థితి

వరంగల్ సమీపంలోని మా ఊరి చెరువు శిఖాన్ని (నీరు నిలిచే చెరువు నేలను) ఆనుకొని ఉన్న పొలాల్లో పెద్ద హౌసింగ్ వెంచర్ వస్తోందని, దాన్ని చట్టప్రకారం ఎలా అడ్డుకోవాలని గతంలో అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ధర్నా కంటే ముందు కాగితాలు తీయమన్న మాటే మాకు అక్కరకొచ్చింది. సమాచార హక్కు కింద చెరువు పటం సంపాదించి, అధికారుల సమక్షంలో పూర్తి నీటిమట్టం హద్దు గుర్తింపజేయగా, వెంచర్ వారు పసుపు రంగు పూసి పాతిన రాళ్లలో ఒక వరుస, వానకాలంలో తుంగ మొలిచే తడినేలలోనే ఉన్నట్టు తేలింది. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం, 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు ఉండరాదు. మా చెరువు అంతకంటే పెద్దది. ఆ వరుస రాళ్లు తీయించారు.

మిగతా భూమి సంగతి వేరు. అది పట్టా భూమి. నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) జరిగితే మా అభ్యంతరం నిలవడం కష్టం. 2022లో వరంగల్ రింగ్ రోడ్డు చుట్టూ తలపెట్టిన భూసమీకరణను రైతులు ఒక్కటై వెనక్కి తీయించారు గానీ, అక్కడ భూమి అడిగింది ప్రభుత్వం, ఇక్కడ అమ్ముతున్నది మా వాళ్లే. పిల్ల పెళ్లికో అప్పుకో అమ్ముకునేవారిని తప్పుపట్టే హక్కు మాకు లేదని నా అభిప్రాయం. అందుకే ఇప్పుడు చెరువులోకి నీరు తెచ్చే వాగు, కాలువలు లేఅవుట్ పటంలో యథాతథంగా చూపాలన్న ఒక్క డిమాండ్‌పైనే నిలబడ్డాం. లేఅవుట్‌కు తుది అనుమతి ఇంకా రాలేదు.