‘బ్యాలీహూ’కి తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికా సర్కస్ సైడ్‌షోల (అసలు సర్కస్ పక్కన వింతలు, విద్యలు చూపే చిన్న ప్రదర్శనల) గురించి తెలుగులో రాసేటప్పుడు ‘బ్యాలీహూ’కి ‘దండోరా’ సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. దండోరా పెద్దల ఆజ్ఞను ఊరికి వినిపించేది. సైడ్‌షో వాళ్ల వాడుకలో బ్యాలీహూ అంటే డేరా బయట చెక్క వేదిక మీద టికెట్ లేకుండా చూపే ముక్క. కత్తి మింగేవాడో, నిప్పు మింగేవాడో పైకొస్తాడు. పక్కనున్న మాటకారి జనాన్ని దగ్గరికి లాగి, విద్య రక్తి కట్టబోతుండగా ఆపేసి, మిగతాది లోపల చూడమంటాడు. ఎక్కువ చూపిస్తే టికెట్ కొనరు, తక్కువ చూపిస్తే గుంపు చెదురుతుంది. ఆ అర్థంలో ‘డేరా ముందు ఎర ప్రదర్శన’ అని విడమరచడమే మేలు. హోరెత్తించే ప్రచారం అనే తర్వాతి అర్థానికైతే ‘ఊదరగొట్టడం’ చక్కగా అతుకుతుంది.

మరొకరు: ‘బడాయి’ కుదరదా? చిన్న మాట కదా.

జవాబు: బడాయి ఎవరికి వారు చెప్పుకునేది. ఇక్కడ కథ అల్లింది ప్రదర్శన నడిపేవాళ్లు. 1842 చివర్లో అమెరికా ప్రదర్శనల వ్యాపారి బార్నమ్ చార్లెస్ స్ట్రాటన్‌ను తెచ్చేనాటికి ఆ పిల్లవాడికి ఐదేళ్లు నిండలేదు, ఎత్తు 25 అంగుళాలు. ఐదేళ్లవాడు పొట్టిగా ఉంటే వింతేముంది, ఇంకా పెరుగుతాడంటారు. అందుకే వయసు పదకొండన్నాడు. పుట్టింది కనెక్టికట్‌లోనైనా ఇంగ్లండ్ నుంచి దిగాడన్నాడు, ‘జనరల్ టామ్ థంబ్’ అని పేరు పెట్టాడు. ఆ ‘జనరల్’ను సేనాధిపతి చేయకండి, అది రంగస్థల నామంలో భాగం.

ఇంకొకరు: అబద్ధమని తెలియడానికి ‘అట’ చేరిస్తే? బార్నమ్ చూపిన జాయిస్ హెత్ గురించి ‘ఆమెకు 161 ఏళ్లట’ అని?

జవాబు: ‘అట’ అనుమానాన్ని చెబుతుంది గానీ, ఆ మాట ఎవరిదో చెప్పదు. చదివేవారికి ఆమే అబద్ధమాడినట్టు తోస్తుంది. జాయిస్ హెత్ బానిసత్వంలో మగ్గిన వృద్ధురాలు. ‘జార్జ్ వాషింగ్టన్‌ను పెంచిన దాది, వయసు 161’ అని 1835లో ప్రకటించి చూపింది బార్నమ్. 1836లో ఆమె చనిపోతే శవపరీక్షకూ టికెట్ పెట్టాడు, 50 సెంట్లు! ఎనభైకి మించి ఉండవని డాక్టర్ తేల్చాడు. కాబట్టి ‘161 ఏళ్లని బార్నమ్ ప్రకటించాడు’ అని కర్తతో సహా రాయండి.

ఫొటోల కింద రాసేటప్పుడూ ఇదే పద్ధతి. ‘బోర్నియో అడవి మనుషులు’ అని వదిలేయకూడదు. ‘హైరమ్, బార్నీ డేవిస్: ఒహాయోలో పెరిగిన అన్నదమ్ములు. బోర్నియో అడవి మనుషులని ప్రచారం చేసి వీరిని ప్రదర్శించారు’ అని అసలు పేర్లు ముందుంచండి.